నిండుగా ఉండాలి, సామాన్ల గదిలా కనబడకూడదు: ఫ్లాట్‌లో మాక్సిమలిజం గురించి నా అనుభవం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. గోడలు తెలుపు, సోఫా బూడిద రంగు, కింద ఐవరీ టైల్స్. మీ అమ్మమ్మగారి ఇత్తడి సామాను, కొండపల్లి బొమ్మలు, ఒక ట్రంకు పెట్టెడు పాత పట్టుచీరలు అటక మీద మూలుగుతున్నాయి. వాటన్నిటితో ఇల్లు కళకళలాడాలని మీ కోరిక. "ఇల్లు కాస్తా అంగడి అవుతుంది" అని మీవారి భయం. మాక్సిమలిజం, అంటే రంగులు, డిజైన్లు, ఇష్టమైన వస్తువులతో ఇంటిని నిండుగా అలంకరించే పద్ధతి, మన ఫ్లాట్లకు నప్పుతుందా, నప్పితే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

నప్పుతుందండి. చిన్న ఇంటికి ఇంకా బాగా నప్పుతుంది. ముందు ఒక్క గోడ ఎంచుకుని దాన్ని పూర్తిగా నింపండి, మిగతా వాటి జోలికి అప్పుడే వెళ్లకండి. మూడు రంగులు అనుకుని, అవే ఇల్లంతా మళ్లీ మళ్లీ కనబడేలా చూడండి. ఒక జాతి వస్తువులన్నీ ఒక్కచోట చేర్చండి. సాయంత్రం పూట ట్యూబ్‌లైటు ఆపేయండి. ఈ నాలుగూ పాటిస్తే నూరు వస్తువులు పెట్టినా ఇల్లు నిండుగా కనబడుతుంది. పాటించకపోతే ఇరవై వస్తువులకే చిందరవందర అయిపోతుంది. పంతొమ్మిదేళ్లుగా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇళ్లు అలంకరిస్తున్నాను. నిండు ఇంటికీ కిక్కిరిసిన ఇంటికీ తేడా వస్తువుల లెక్కలో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. వాటి మధ్య చుట్టరికం ఉందా లేదా అన్న దగ్గరే తేడా వస్తుంది.

మాక్సిమలిజం అనగానే విదేశీ పత్రికల్లో ఫొటోలు గుర్తొస్తాయి గానీ, మనకది కొత్త కాదు. బొమ్మల కొలువు గుర్తు చేసుకోండి. మా అమ్మమ్మగారిది బందరు. సంక్రాంతికి ముందు రోజు ట్రంకు పెట్టెలు, డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లు కట్టేది. మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలి. మెట్లన్నిటినీ కప్పేస్తూ తాతయ్య ఉతికిన తెల్ల పంచె పరిచేది. పై మెట్టు మీద దేవుళ్లు, కింద దశావతారాలు, ఆ కింద పెళ్లి మేళం, అన్నిటికంటే కింద లక్కపిడతలు, వేలెడంత కాయగూరలు. నూట యాభై బొమ్మలకు తక్కువ ఉండేవి కావు. అయినా చూసిన ఏ పేరంటాలికీ అది గందరగోళం అనిపించలేదు. ఎందుకంటే కింద ఒకే పంచె, పెద్దవి వెనక, చిన్నవి ముందు, ఏ కుటుంబం బొమ్మలు ఆ కుటుంబంతోనే. నా వృత్తిలో నేను చేసేది ఇప్పటికీ ఇదే పని. పంచె బదులు గోడ రంగు, మెట్ల బదులు అరలు.

మీకు హైదరాబాద్‌లోనే ఇంకో పాఠం ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి వస్తువుల్లో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసినవి. 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. ఆ సంపదంతా ఒకే హాల్లో పోస్తే గోదాములా ఉండేది. చేతికర్రలు ఒకచోట, దంతపు వస్తువులు ఒకచోట, గడియారాలు ఒకచోట పెట్టారు కాబట్టే గంటలు గంటలు చూస్తాం. ఒక ఆదివారం మీవారిని తీసుకెళ్లండి. నేను చెప్పే దానికంటే ఆ చేతికర్రల వరుసే ఆయన భయాన్ని బాగా తగ్గిస్తుంది.

రంగుల సంగతి. షేడ్ కార్డు ముందేసుకుని రంగులు ఎంచుకోకండి. మీ ట్రంకులోని చీరలన్నీ మంచం మీద పరవండి. ఎక్కువసార్లు కనబడే మూడు రంగులే మీ ఇంటి రంగులు. ఆ మూడింటిలో ఒకటి ముదురుది అయి తీరాలి, అది లేకపోతే అన్నీ గాల్లో తేలుతున్నట్టుంటాయి. చీరల్లో తేలకపోతే ఒక మంచి కలంకారీ గుడ్డ తెచ్చుకోండి. పెడనలో అచ్చులు వేసే మచిలీపట్నం కలంకారీ కావచ్చు, శ్రీకాళహస్తిలో కలంతో గీసేది కావచ్చు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసే నలుపు, పటిక పట్టించాక తేలే ఎరుపు, నీలిమందు: సంప్రదాయ పద్ధతిలో అద్దిన గుడ్డలో ఈ రంగులన్నీ కరక్కాయ, పాలతో ముందే తడిపి ఆరబెట్టిన ఒకే గుడ్డ మీద నిలుస్తాయి. అందుకే అవి ఒకదానితో ఒకటి పోట్లాడవు. అందులోంచి మూడు తీసుకుంటే తప్పు పోయే అవకాశం చాలా తక్కువ.

ఎంచుకున్న ప్రతి రంగూ ఒక గదిలో కనీసం మూడు చోట్ల ఉండాలి. ఎరుపు దిండు ఒక్కటే ఉంటే అది పరాయిగా కనబడుతుంది. అదే ఎరుపు చేర్యాల పటం నేపథ్యంలో, నేల మీది జంపఖానా అంచులో కూడా ఉంటే మూడూ ఒక ఇంటివే అనిపిస్తాయి.

గోడ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. ఒక్క గోడకు మాత్రం ముదురు రంగు వేసి మిగతా మూడూ తెల్లగా వదిలేయడం నాకు సగంలో ఆపేసిన పనిలా కనబడుతుంది. చిన్న గది అయితే నాలుగు గోడలకీ ముదురు ఆకుపచ్చో, నీలమో వేయండి. మూలలు కలిసిపోయి గది ఎక్కడ ఆగిందో కంటికి తెలియదు. ఇరుకు అనిపించదు. పైగా తెల్లగోడ ముందు వెలవెలబోయే ఇత్తడి ముదురు రంగు ముందు వెలిగిపోతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింటే వేయించండి. మెరిసే పెయింటు పుట్టీ పనిలోని ప్రతి వంకరా చూపిస్తుంది. ముందు రెండడుగుల అట్టముక్కకు రంగు వేసి గోడకు ఆనించి, పొద్దున పదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి చూడండి. రాత్రి నచ్చకపోతే వద్దు. ఉద్యోగాలు చేసేవాళ్లు ఇంటిని ఎక్కువగా చూసేది రాత్రే కదా.

దీపాలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే. మన ఇళ్లలో వేసే తెల్ల ట్యూబ్‌లైట్లు 6,500 కెల్విన్ దగ్గర ఉంటాయి (వెలుతురు రంగుకు కొలత ఇది, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు తిరుగుతుంది). ఆ వెలుతురులో ఎర్రపట్టు మట్టిరంగుకు తిరుగుతుంది, ఇత్తడి పాలిపోతుంది. 2,700 నుంచి 3,000 కెల్విన్ బల్బులు తీసుకోండి. డబ్బా మీద సీఆర్‌ఐ 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉందేమో చూడండి, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడాలంటే అది ముఖ్యం. సీలింగ్‌లో ఒక పెద్ద లైటు కంటే గదిలో నాలుగైదు చోట్ల చిన్న దీపాలు మేలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులు మేకతోలుతో దీపాల గొట్టాలు చేస్తారు. సాయంత్రం ఒకటి వెలిగిస్తే గోడంతా హనుమంతుడు, నెమళ్లు పరుచుకుంటాయి. అందులో ఎల్‌ఈడీ బల్బు మాత్రమే వాడండి, పాత రకం బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది. చదువుకునే టేబుల్ దగ్గర, వంటింట్లో తెల్ల లైటు ఉంచుకోవచ్చు, దానికేం కాదు.

ఇక మీ అమ్మమ్మగారి ఇత్తడి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలనుంది.

కొన్నేళ్ల కిందట తెనాలి నుంచి విజయవాడ ఫ్లాట్‌కు మారిన ఒక పెద్ద దంపతులకు పనిచేశాను. ఆవిడ దగ్గర గంగాళాలు, గుండిగలు పోగా చెంబులే ఇరవై మూడు ఉన్నాయి. పిల్లలేమో తూకానికి అమ్మేయమన్నారట. హాల్లో తలుపుల పైన, లింటెల్ ఎత్తులో ఎనిమిది అంగుళాల వెడల్పు టేకు పలక ఒకటి గోడ పొడవునా వేయించాను. చెంబులన్నీ వరుసగా దాని మీదికెక్కాయి. పేర్చేటప్పుడు చూశాను, ప్రతి చెంబు అంచు కింద ఉలితో కొట్టిన చుక్కల అక్షరాలతో ఒక పేరు ఉంది. ఒకటి ఆవిడ అత్తగారిది, ఒకటి ఆడపడుచుది, ఒకదాని మీద పేరుతోపాటు ఊరు కూడా. చుక్కలు కొన్ని చోట్ల తోమి తోమి అరిగిపోయి, వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. ఆ పేర్లన్నీ బయటికి కనబడేలా తిప్పి పెట్టాం. తర్వాత చిన్న ముక్కాలిపీట వేసుకుని మనవరాలు ఒక్కో పేరూ కూడబలుక్కుని చదువుతుంటే ఆవిడ ఒక్కొక్కరి కథా చెప్పడం నా కళ్లతో చూశాను. మీ సామాను దింపగానే ముందు ఆ చుక్కల అక్షరాల కోసం వెతకండి.

అన్నిటినీ తళతళలాడించే ప్రయత్నం చేయకండి. సగం మెరిసేవి, సగం కాలం పట్టించిన గోధుమరంగులో ఉంటేనే లోతు వస్తుంది. తోమాల్సినవి చింతపండుతో తోమి, వెంటనే బాగా కడిగి, పొడిగుడ్డతో ఆరతుడవండి. చింతపండు పులుపు సందుల్లో మిగిలితే చిలుం పడుతుంది. లోపల కళాయి ఉన్న పాత్రల లోపలి వైపు రుద్దొద్దు. గంగాళంలో మొక్క పెట్టాలనిపిస్తే మట్టి నేరుగా పోయకండి. ప్లాస్టిక్ కుండీలో మొక్క నాటి దాన్ని లోపల దించండి, కింద ఒక పళ్లెం ఉంచండి.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చాలా తేలికైన, మెత్తని చెక్క. ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కాబట్టి తడిగుడ్డ వాటి దగ్గరికి రానివ్వకండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ము దులపడం ఒక్కటే దారి. అద్దం తలుపులున్న అరలో పెట్టండి, వాటి వెనక పలకకు మీ మూడు రంగుల్లో ముదురుది వేయించండి. అంబారీ ఏనుగు, తాటిచెట్టు లాంటి ఎత్తైనవి వెనక్కి, చిన్నవి ముందుకి. వెనక వరుస కింద రెండంగుళాల చెక్కపీట వేస్తే కొలువు మెట్టులా ప్రతి బొమ్మ ముఖమూ కనబడుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, నిర్మల్ బొమ్మలు తర్వాత కొన్నా ఒక్కో ఊరివి ఒక్కో అరలో ఉంచండి.

చీరల దగ్గర జాగ్రత్త. బాగున్న చీరను ఫ్రేము కోసం కత్తిరించకండి, కట్టుకోండి. మడతల దగ్గర చీలిపోయి, ఇక కట్టడానికి పనికిరానిదాని కొంగు మాత్రం ఫ్రేము చేయించండి. ఫ్రేము షాపుల్లో జిగురుతో అట్టకు అంటిస్తామంటారు, ఒప్పుకోవద్దు. నాలుగైదేళ్లలో ఆ జిగురు పసుపు మరకగా పైకి తేలుతుంది, ఆ తర్వాత చేసేదేం లేదు. ఉతికిన నూలుగుడ్డ మీద సన్నని టాకాలతో కుట్టించి, ఆ గుడ్డను అట్టకు బిగించాలి. అద్దం జరీకి తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ వదలాలి. అంచులు మాత్రమే బాగున్న చీరలుంటే వాటిని నూలు దిండు గలీబులకు పట్టీలుగా కుట్టించండి. గద్వాల అంచు ఒకటీ, పోచంపల్లి ఇక్కత్ గలీబు ఒకటీ పక్కపక్కన భేషుగ్గా ఉంటాయి, ఒక రంగు కలిస్తే చాలు. డిజైన్లు కలిపేటప్పుడు ఒక పెద్ద డిజైను, ఒక మధ్యరకం, ఒక సన్న గళ్లో చుక్కలో ఉండేలా చూడండి. మూడూ పెద్దవే అయితే కళ్లు తిరుగుతాయి.

గోడకు పటాలు పెట్టే ముందు వాటి కొలతలకు న్యూస్‌పేపర్ ముక్కలు కత్తిరించి, టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉండనివ్వండి. పటాల గుంపు మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో రావాలి. మనవాళ్లు చాలా ఎత్తులో కొట్టేస్తారు, మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది. పటానికీ పటానికీ మధ్య రెండు, మూడు అంగుళాలు చాలు. అన్నిటికంటే పెద్దదాన్ని నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు పెట్టండి. మేకులు కొట్టే ముందు మీ గోడ దేంతో కట్టారో బిల్డర్‌ను అడగండి. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి గోడలు మొత్తం కాంక్రీటే, హ్యామర్ డ్రిల్ కావాలి. కొన్నిటికి తేలికపాటి ఏఏసీ బ్లాకులు, వాటిలో మామూలు ప్లగ్గు వదులైపోతుంది, దానికి తగ్గ యాంకర్లు వేరే దొరుకుతాయి. అద్దె ఇల్లయితే పటాలను సన్నని చెక్క అరల మీద గోడకు ఆనించి పెట్టుకోవచ్చు.

నా వల్ల జరిగిన ఒక నష్టం కూడా చెప్పాలి, మీకు ఉపయోగపడుతుంది. విశాఖలో సముద్రానికి దగ్గరున్న ఫ్లాట్‌లో, వేసవిలో, బయటి గోడకు ముదురు పూల వాల్‌పేపర్ వేయించాను. అద్భుతంగా వచ్చింది. వానలు పడ్డాయి, సెప్టెంబరుకల్లా అంచులు లేచి వెనక నల్లటి బూజు. గోడలో చెమ్మ ఉందో లేదో నేను చూసుకోలేదు. ఖర్చు నేనే పెట్టుకుని తీయించాను, కానీ ఆ గోడకు ఆనించి పెట్టిన వాళ్ల పాత పుస్తకాలు కొన్ని పోయాయి. వాటిని నేను తెచ్చివ్వలేకపోయాను. అప్పటి నుంచి అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచుతాను. లోపలి వైపు నీటి ఆవిరి కనబడిందంటే ఆ గోడకు వాల్‌పేపర్, పటాలు, పుస్తకాలు ఏవీ వద్దు. వాన కాలంలో చేస్తేనే ఈ పరీక్షకు అర్థం.

మీవారి భయం గురించి. అది కొట్టిపారేయదగ్గది కాదండి. నిండు ఇంట్లో కూడా కన్ను కాసేపు ఆగే చోటు ఉండాలి. మంచానికి ఎదురుగా ఉన్న గోడ, భోజనాల బల్ల పైభాగం ఖాళీగా వదిలేయమని నేను అందరికీ చెబుతాను. ఆ ఖాళీ ఎక్కడ ఉండాలో ఆయన్నే నిర్ణయించమనండి. ఒక ఇంట్లో భార్యాభర్తలకు ఇదే తగువు వస్తే, ఆయనకు రెండో బెడ్‌రూము మొత్తం వదిలేశాం. ఆరు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేసి, మా నాన్నగారి గడియారాలు రెండున్నాయి, గోడకు పెట్టొచ్చా అని అడిగారు.

నడిచే దారిలో మాత్రం రాజీ పడకండి. ముఖ్యమైన దారి 36 అంగుళాలు, సోఫా పక్కన కనీసం 30 అంగుళాలు ఖాళీ. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే దారిలో నేల మీద వస్తువు ఒక్కటి కూడా వద్దు. వరంగల్ జంపఖానా పరిస్తే కింద జారని మ్యాట్ వేయండి, ఐవరీ టైల్స్ మీద గుడ్డ జారుతుంది. దేవుడి దీపం దగ్గర మూడడుగుల లోపు కలంకారీ తెరలు కట్టొద్దు.

దుమ్ము లెక్క కూడా ముందే వేసుకోండి. బయట అరవై వస్తువులుంటే వారానికి గంట పని. ఆ గంట మీకు లేదంటే సగం అద్దాల వెనక పెట్టండి, లేదా సగం లోపల దాచి ఆరు నెలలకోసారి మార్చండి. పనమ్మాయి మీద ఈ పని అదనంగా వేస్తే డబ్బు కూడా అదనంగా ఇవ్వాలి.

ఇంకొకటి, గోడ నింపడానికని ఏదీ కొనకండి. ఒకే రోజు ఒకే షాపులో కొన్న అలంకరణ ఎంత ఖరీదైనదైనా హోటల్ లాబీలా ఉంటుంది. మీ దగ్గరున్నవి పెట్టాక మిగిలిన ఖాళీ అలాగే ఉండనివ్వండి. చేర్యాల వెళ్లినప్పుడు ఒక పటం, పెంబర్తి మీదుగా వరంగల్ వెళ్తూ ఆగి ఒక ఇత్తడి పని, అలా రానివ్వండి. ఊళ్లు తిరగడం కుదరకపోతే గోల్కొండ, లేపాక్షి ఎంపోరియంలు ఉన్నాయి.

మీ హాల్లో కిటికీ ఏ దిక్కున ఉందో రాయలేదు. పడమర అయితే సాయంత్రం ఎండ పడే గోడకు చీర ఫ్రేమూ, కలంకారీ రెండూ వద్దు, రెండు మూడు వేసవులకే వెలిసిపోతాయి. ఆ గోడకు ఇత్తడి ఇవ్వండి. ఉత్తరమో తూర్పో అయితే సోఫా వెనక గోడతో మొదలుపెట్టండి. గోడ పొడవు, ఎత్తు, మీ దగ్గరున్న పటాల కొలతలు ఇక్కడ రాస్తే ఏది ఎక్కడ పెట్టాలో గీసి చెబుతాను.